నలభై ఒక్క తప్పులు

వనపర్తి నుంచి పెద్దమందడి పోయే దారిలో ఉన్న ఇంజనీరింగ్ కాలేజీలో రెబెకా సివిల్ విద్యార్థులకు పాఠాలు చెప్పేది. 2006 నాటికి ఆమెకు ఇరవై తొమ్మిదేళ్లు. పుట్టింది గద్వాల పక్కన ఒక పల్లెలో. తండ్రి ప్రభుదాసు కాలువ తవ్వకాలకూ డ్యాముల పనులకూ ఊళ్లు పట్టుకు తిరిగిన మట్టి పనివాడు. ఎండలో గొడుగు కింద నిలబడి కాగితాలు చూసుకునే ఇంజనీర్లను ఆయన చాలామందిని చూశాడు. ఆ కాగితాల్లో ఏముంటుందో తన బిడ్డకైనా తెలియాలని పంతం పట్టి చదివించాడు. రెబెకా వరంగల్‌లో ఎం.టెక్. చేసి, తిరిగి ఈ ప్రాంతానికే వచ్చింది.

వచ్చిన మొదటి ఏడే ఆమెకు ఒక సంగతి తెలిసిపోయింది. తన విద్యార్థులకు లెక్కలు చేయడం వచ్చు గానీ, ఆ లెక్క దేని గురించో తెలియదు. గైడులో ఉన్న లెక్కలో పది మీటర్ల దూలాన్ని పన్నెండు మీటర్లు చేసి ఇస్తే గడగడా చేసేస్తారు. ఒకరోజు క్లాసులో, "దూలం మీద బరువు పెడితే పైభాగం సాగుతదా, కింది భాగం సాగుతదా?" అని అడిగింది. అరవై మందిలో ఒక్కరు కూడా నోరు విప్పలేదు. చివరికి వెనక బెంచీలోంచి ఒకడు లేచి, "మేడం, ఇది ఎన్ని మార్కుల ప్రశ్న?" అన్నాడు. అందరూ నవ్వారు. రెబెకా కూడా నవ్వింది. ఇంటికి పోయాక మాత్రం ఆ నవ్వు మిగల్లేదు.

అప్పుడే ఆమె ఒక ప్రోగ్రాం రాయడం మొదలుపెట్టింది. రెండు వేసవి సెలవులు దానికే పోయాయి. తెర మీద ఒక దూలం కనబడుతుంది. దాని కింద రెండు ఆధారాలు. విద్యార్థి మౌసుతో ఆధారాలను జరపవచ్చు, బరువులు పెట్టవచ్చు. లెక్క చేసే ముందు అది ఒక ప్రశ్న అడుగుతుంది: ఈ దూలం ఎక్కడ విరుగుతుంది? జవాబు చెప్పాక, ఒప్పయినా తప్పయినా, ఇంకొకటి అడుగుతుంది: ఎందుకు? ఆ కారణం రాస్తేనే ముందుకు పోనిస్తుంది. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలు ఎక్కువ కనుక ప్రశ్నలన్నీ తెలుగులోనే పెట్టింది. ప్రోగ్రాంకు పేరు కూడా "ఎందుకు" అనే పెట్టింది. నెల తిరిగేసరికి పిల్లలు ఆమెనే "ఎందుకు మేడం" అని పిలుచుకోసాగారు.

పిల్లలు ఎక్కడ తడబడుతున్నారో తెలుసుకోవడానికి ప్రోగ్రాం ప్రతి జవాబునూ ఒక ఫైల్లో దాచిపెట్టేది. పేరు, రోల్ నంబరు, టైము, పెట్టిన జవాబు, తప్పా ఒప్పా, అన్నీ అందులో ఉండేవి. ఆ సంగతి ఆమె పిల్లలకు మొదటి రోజే చెప్పింది.

"భయపడకుండ తప్పులు చేయుండ్రి. మార్కులు లేవు. మీ తప్పులు నేనొక్కదాన్నే చూస్త. ఇంకెవ్వరు చూడరు."

ఆ మాట విని ముందుకు జరిగి కూర్చున్న వాళ్లలో జమ్ములమ్మ ఒకతి. రెండో సంవత్సరం విద్యార్థిని. మల్దకల్ దాటాక ఒక పల్లె ఆమెది. తల్లి సాయమ్మ విత్తన పత్తి చేలలో కూలికి పోతుంది. తండ్రి మాసయ్య బండలు మోసే పనికి బెంగుళూరు దాకా పోయి వస్తుంటాడు. క్లాసులో మాధురుల, ప్రియాంకల నడుమ హాజరు పిలిచేటప్పుడు తన పేరు వస్తుందంటే జమ్ములమ్మ ముందుగానే తల దించుకునేది. ప్రశ్న అడిగితే లేచి నిలబడేది, మాట మాత్రం వచ్చేది కాదు. ల్యాబులో కూర్చుంటే మాత్రం గంట కొట్టినా లేచేది కాదు. కరెంటు పోతే, మళ్లీ వచ్చేదాకా నల్లటి తెర ముందే కూర్చుని ఉండేది.

"ఇంటికి పోవా?" అని రెబెకా అడిగితే, "జర ఉన్నది మేడం, ఒక్కటి చూసుకుని పోత" అనేది.

ఆగస్టు చివర్లో ప్రిన్సిపాల్ రెబెకాను పిలిపించాడు. ఆయన వేరే జిల్లాలో ప్రభుత్వోద్యోగం చేసి రిటైరై వచ్చిన మనిషి. గొంతు పెంచి మాట్లాడగా ఎవరూ వినలేదు.

"వచ్చే నెల తనిఖీ బృందం వస్తోంది రెబెకా గారూ. మన కాలేజీలో కొత్తగా ఏం చేస్తున్నారని అడుగుతారు. మీ ప్రోగ్రాం గురించి విన్నాను. చూపించడానికి కాగితం మీద ఏమైనా ఉందా?"

రెబెకాకు ప్రాణం లేచి వచ్చినట్లయింది. ల్యాబులో ఇరవై కంప్యూటర్లు ఉంటే పనిచేసేవి పదకొండు. ఒక్కో దాని ముందు ముగ్గురేసి కూర్చుని వంతులవారీగా చేస్తున్నారు. ఇంకో పది కొనిపించాలని ఆమె ఏడాదిగా అర్జీలు పెడుతోంది. వెంటనే ల్యాబుకు పోయి ఫైలు తెరిచింది. అరవై మంది పేర్లు, ఎవరు ఎన్నిసార్లు ప్రయత్నించారు, ఎన్ని తప్పులు, ఎన్ని ఒప్పులు. పేర్లు తీసేసి ఇవ్వాలన్న ఆలోచన ఆమెకు వచ్చింది. నిజంగానే వచ్చింది. కానీ నాలుగింటికి కరెంటు పోతుంది, ప్రింటరేమో నత్తలా నడుస్తోంది. ప్రిన్సిపాల్ చూసేదే కదా అనుకుని ఉన్నదున్నట్టు ఎనిమిది కాగితాలు తీసి ఆయన బల్ల మీద పెట్టి వచ్చింది.

నాలుగో రోజు పొద్దున ఆఫీసు ముందు నోటీసు బోర్డు దగ్గర పిల్లలు గుంపుగా నిలబడి ఉన్నారు. దగ్గరికి పోయి చూసింది. 'ప్రత్యేక శ్రద్ధ అవసరమైన విద్యార్థులు' అని పైన రాసి, కింద పన్నెండు పేర్లు టైపు చేశారు. తప్పులు ఎక్కువ చేసిన వాళ్లు పైన, తక్కువ చేసిన వాళ్లు కింద. మొదటి పేరు జమ్ములమ్మ. పేరు పక్కన అంకె, అరవై మూడు. క్లాసులో అందరికన్నా తక్కువ తప్పులు చేసిన శ్రవణ్ కుమార్ పేరు వేరే కాగితం మీద అభినందనలతో ఉంది. అతనివి నాలుగే.

రెబెకా పరుగులాంటి నడకతో ప్రిన్సిపాల్ గదికి పోయింది.

"సార్, అవి పరీక్షలు కావు. ఎవరికీ చూపించనని పిల్లలకు చెప్పాను."

"మంచి కోసమే కదమ్మా. వెనుకబడిన వాళ్లను గుర్తిస్తున్నామని తనిఖీ వాళ్లకు తెలియాలి. తల్లిదండ్రులకు కూడా ఉత్తరాలు వేయించాను."

"ఉత్తరాలా?"

"నిన్ననే పోస్టు చేశారు."

"ఆ లిస్టన్నా తీయించండి సార్."

"రెండు రోజులు ఉండనివ్వండి. మీరు ఇచ్చిన లెక్కలే కదా అవి."

మధ్యాహ్నం రెబెకాయే పోయి ఆ కాగితం చింపి పారేసింది. అప్పటికి చూడాల్సిన వాళ్లందరూ చూశారు. ఆ రోజు క్లాసులో జమ్ములమ్మ ఉంది. తల ఎత్తలేదు. ల్యాబు గంటలో కంప్యూటర్ ముందు కూర్చుంది గానీ మౌసు మీద చెయ్యి వేయలేదు. శనివారం రాలేదు. సోమవారమూ రాలేదు. హాస్టల్లో అడిగితే బ్యాగు సర్దుకుని ఊరికి పోయిందన్నారు.

గురువారం ల్యాబులో ఎవరూ లేని వేళ రెబెకా తలుపు వేసుకుని జమ్ములమ్మ ఫైలు తెరిచింది. అంతవరకు ఆమె మొత్తాలే చూసింది. ఒక్కో వరుసా ఎప్పుడూ చదవలేదు. అరవై మూడు తప్పుల్లో నలభై ఒకటి ఒకే లెక్కలో ఉన్నాయి. పది మీటర్ల దూలం, పొడుగునా సమానంగా బరువు, రెండు కొసల దగ్గర రెండు ఆధారాలు. క్లాసులో అందరికన్నా మందమతి కూడా చేయగలిగిన లెక్క. ఆధారాలు కొసల దగ్గర పెడితే చాలు. వేరే చోట పెడితే ప్రోగ్రాం తప్పు అంటుంది. అయినా ఆ దూలం ఎంత వంగుతుందో, ఎక్కడ ఎంత ఒత్తిడి పడుతుందో మాత్రం బొమ్మ గీసి చూపిస్తుంది.

జమ్ములమ్మ మొదటిసారి కొసల దగ్గరే పెట్టి ఒప్పు తెచ్చుకుంది. ఆ తర్వాత మొదలయ్యాయి తప్పులు. రెండు ఆధారాలనూ కొసల నుంచి ఒక మీటరు లోపలికి జరిపింది. తప్పు. రెండు మీటర్లు. తప్పు. మూడు. తప్పు. మళ్లీ వెనక్కి, రెండున్నర. రెండు పాయింట్ రెండు. రెండు పాయింట్ ఒకటి. మరుసటి రోజు మళ్లీ రెండు పాయింట్ సున్నా ఐదు. చివరికి రెండు పాయింట్ సున్నా ఏడు దగ్గర ఆగింది. ప్రతిసారి ప్రోగ్రాం ఎందుకు అని అడిగింది. ప్రతిసారి ఆమె ఒకే మాట రాసింది: "ఇంకా తక్కువ అయితదేమో అని."

రెబెకా పెన్ను తీసుకుని లెక్క చేసి చూసింది. సరిగ్గా అక్కడే, కొస నుంచి రెండు మీటర్ల ఏడు సెంటీమీటర్ల దగ్గర, దూలం మీద పడే అతి పెద్ద వంపు ఒత్తిడి అన్నిటికన్నా తక్కువ. కొసల దగ్గర ఆధారం పెట్టినప్పుడు ఉన్నదాంట్లో ఆరో వంతు. ఆమె సిలబస్‌లో ఆ సంగతి లేదు. ఎం.టెక్. దాకా ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఈ పిల్ల సూత్రం ఏదీ లేకుండా, తప్పు తప్పు అని తెర అరుస్తుంటే పట్టించుకోకుండా, సెంటీమీటరు సెంటీమీటరు వెతుక్కుంటూ అక్కడికి చేరింది. దాన్ని తన ప్రోగ్రాం నలభై ఒక్క తప్పులుగా లెక్క కట్టింది.

శ్రవణ్ కుమార్ వరుసలు కూడా చూసింది. ఒక్కో ప్రశ్నకు పదకొండు, పన్నెండు సెకన్లలో జవాబు. ప్రశ్న చదవడానికే అంతకన్నా ఎక్కువ పడుతుంది. ముందు బ్యాచీ వాళ్ల జవాబులు చీటీ మీద రాసుకుని వచ్చి కూర్చునేవాడన్నమాట.

ఆదివారం ప్రార్థనకు పోకుండా రెబెకా గద్వాల బస్సెక్కింది. గద్వాలలో దిగి మల్దకల్ ఆటో పట్టుకుని, అక్కణ్నుంచి ఇంకో ఆటోలో ఆ పల్లెకు పోయేసరికి పదకొండు దాటింది. జమ్ములమ్మ ఇల్లెక్కడని అడిగితే, "క్రాసింగ్‌కు పోయింది, చేన్ల ఉంటది" అన్నారు. విత్తన పత్తిలో అది మధ్యాహ్నం లోపు చేయాల్సిన పని. మగ పువ్వు తెచ్చి, ముందురోజు గిల్లి పెట్టిన ఆడ పువ్వుకు ఒక్కొక్కదానికీ అద్దాలి.

సాళ్ల మధ్య జమ్ములమ్మ తల మీద రుమాలు కట్టుకుని ఉంది. రెబెకాను చూసి చేతిలోని పువ్వు జారవిడిచింది.

"మీరెందుకొచ్చిండ్రు మేడం?"

"నీ కోసమే వచ్చిన. తప్పు నాది జమ్ములమ్మా. ఆ కాగితాలు నేనే ఇచ్చిన."

పక్క సాలులో ఆడవాళ్లు చేతులు ఆపి చూస్తున్నారు.

"ఎవ్వరు చూడరన్నరు గదా మేడం."

"ఔ, అన్న."

"ఉత్తరమొచ్చింది. మా నాయినకు చదువు రాదు. కిరాణా దుకాణంల చదివిపిచ్చుకున్నడు. మంది మస్తుగున్నరంట. క్లాసుల అందరికంటె ఎక్కువ తప్పులు చేసిన పిల్ల అని రాసిండ్రంట గదా. గాయన గట్టిగ చదివిండంట."

పువ్వుల కోసం మళ్లీ వంగింది. పని అయ్యేదాకా రెబెకా గట్టు మీద కూర్చుంది.

తర్వాత ఇంటికి పోయారు. మాసయ్య మంచం వాల్చి కూర్చోమన్నాడు. మోకాలికి దెబ్బ తగిలి నెల నుంచి ఇంటి పట్టునే ఉన్నాడు. జమ్ములమ్మ నీళ్లు తేవడానికి పోయింది.

"మా పిల్లకు చదువు అబ్బదా అమ్మా? ఉన్నదున్నట్టు చెప్పు. ఇంక పంపియ్యొద్దంటె పంపియ్య" అన్నాడు ఆయన.

"నీ బిడ్డ అంత తెలివిగల్లది నా క్లాసుల లేదన్నా. ఆ ఉత్తరం తప్పు." అని, మనసులో తిరుగుతున్న సంగతి ఆపుకోలేక అడిగింది. "అన్నా, పొడుగు బండను ఇద్దరు మోసేటప్పుడు ఎక్కడ పట్టుకుంటరు?"

మాసయ్య ఆమెను వింతగా చూశాడు. "కొసలకు పట్టం గదా. కొసలకు పడితే నడిమిట్ల ఇరుగుతది. ఐదు మూరల బండ అయితే మూర లోపటికి పడ్తం."

"ఎట్ల తెలిసింది?"

"ఎట్లేంది, ఇరిగినంక తెలిసింది. పనిల చేరిన కొత్తల రెండు బండలు ఇరగ్గొట్టిన. మేస్త్రి నలుగురి ముందల తన్నిండు. గప్పుడు ముసలోడొకడు చూపిచ్చిండు, గిట్ల పట్టురా అని."

ఐదు మూరలకు ఒక మూర. పది మీటర్లకు రెండు. ఆ పిల్ల తెర మీద వెతుకుతున్నది ఇదే. తండ్రి చేతుల్లో ఉన్నది నిజమా కాదా అని చూసుకుంటోంది.

తిరిగి వచ్చేటప్పుడు ఆటో దాకా జమ్ములమ్మ తోడు వచ్చింది. "దసరా అయినంక రా. నువ్వేం చేసినవో అందరికి తెలిసేటట్టు చేస్త. నీ పేరు పోయిన కాడనే మళ్ల నిలబెడ్త" అంది రెబెకా. జమ్ములమ్మ ఆటో చక్రం వైపు చూస్తూ నిలబడింది. ఔననలేదు, కాదనలేదు. ఆ మౌనాన్ని రెబెకా ఒప్పుకోలుగా తీసుకుంది.

దసరా తర్వాత జమ్ములమ్మ వచ్చింది. మొదటి గంటలోనే రెబెకా బోర్డు మీద దూలం బొమ్మ గీసింది. ఆధారాలు జరుపుతూ జమ్ములమ్మ వేసిన అడుగులన్నీ వరుసగా రాసింది. రెండు పాయింట్ సున్నా ఏడు చుట్టూ గీత గీసింది. ఆ తర్వాత మాసయ్య కథ చెప్పింది. విరిగిన రెండు బండలు, నలుగురి ముందు తన్నిన మేస్త్రి, చూపించిన ముసలివాడు. ఆ క్షణంలో తన తండ్రి ప్రభుదాసు కూడా ఆమె కళ్ల ముందున్నాడు.

"మనమందరం సరైన జవాబు దగ్గర ఆగిపోయినం. ఈమె ఒక్కతె ముందుకు పోయింది" అని ముగించింది.

క్లాసంతా చప్పట్లు కొట్టింది. శ్రవణ్ కుమార్ అందరికన్నా ముందు లేచి కొట్టాడు. జమ్ములమ్మ బల్ల మీద చేతులు పెట్టుకుని చేతుల్లోకే చూస్తోంది.

సాయంత్రం స్టాఫ్ రూంలో రెబెకా ఒక్కతే ఉన్నప్పుడు జమ్ములమ్మ వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

"లోపలికి రా."

"ఇక్కడనే ఉంట మేడం." గుమ్మం పట్టుకుని అంది. "మీరు నా మంచికే చెప్పిండ్రు. నాకెరికే. కానీ మళ్ల నన్ను అడగకుండనే చెప్పిండ్రు."

రెబెకా కుర్చీలోంచి సగం లేచి అలాగే ఉండిపోయింది.

"గది నేను ఎవ్వరికి చెప్పలే. మా నాయినకు గూడ చెప్పలే. పూరాగ అయినంక చెప్దామనుకున్న. ఇంకోటి చూడాల్సి ఉండె. మీరు మొత్తం బోర్డు మీద పెట్టిండ్రు. మా నాయినను తన్నిన సంగతి గూడ పెట్టిండ్రు. బయటికి రాంగనే ఎవడో అడిగిండు, మీ నాయిన ఎన్ని బండలు ఇరగ్గొట్టిండని."

"ఎవరు అన్నది? నేను మాట్లాడ్త..."

"మాట్లాడకుండ్రి మేడం." ఆ పిల్ల ఒక అడుగు వెనక్కి వేసింది. "ఇంకేం మాట్లాడకుండ్రి."

"ఇంకోటి చూడాలనుకున్నవు గదా, అదేంది?"

"ఇప్పుడెందుకు మేడం అది."

జమ్ములమ్మ వెళ్లిపోయాక రెబెకా లైటు కూడా వేయకుండా కూర్చుంది. మొదటిసారి జరిగినదానికి ప్రిన్సిపాల్‌ను తిట్టుకోవడానికైనా వీలుండింది. ఈసారి అదీ లేదు. చేసింది ప్రేమతోనే. ఆ ప్రేమలో ఆ పిల్లను అడగాలన్న ఊసే లేదు.

తనిఖీ బృందానికి ఆ ఎనిమిది కాగితాలు బాగా నచ్చాయి. జనవరిలో పది కొత్త కంప్యూటర్లు వచ్చాయి. అన్ని విభాగాలూ ఇకమీద ఇట్లాంటి పట్టికలు నెలనెలా ఇవ్వాలని సర్క్యులర్ కూడా వచ్చింది. రెబెకా ఆ సంక్రాంతి సెలవుల్లో ప్రోగ్రాం మళ్లీ రాసింది. పేర్లనూ జవాబులనూ నమోదు చేసే భాగాన్ని పూర్తిగా తీసేసింది. జవాబు చెప్పిన పిల్ల తెర మూసేస్తే చాలు, లోపల ఏమీ మిగలదు. తప్పు అన్న మాటే రాకుండా చేసింది. పట్టిక ఇవ్వడానికి తన దగ్గర వివరాలేమీ లేవని రాసి ఇచ్చింది. దానికి మెమో వచ్చింది. తర్వాతి సెమిస్టరులో ల్యాబు బాధ్యత వేరే లెక్చరర్‌కు ఇచ్చారు. ఆయన ఆ పది కంప్యూటర్లలో పాత ప్రశ్నపత్రాల జవాబులు ఎక్కించాడు. పిల్లలు అదే బాగుందన్నారు.

జమ్ములమ్మ పరీక్షలు రాసింది. అన్ని సబ్జెక్టులూ పాసయింది. రెబెకా సబ్జెక్టులో వచ్చినవి యాభై ఎనిమిది. క్లాసులో అడిగితే గైడులో ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పేది. ఎదురుపడితే నమస్తే మేడం అనేది. అంతే. రెబెకా ఒకటి రెండుసార్లు మాట కలపబోయి, ఆ కళ్లలో వెంటనే వచ్చే జాగ్రత్త చూసి ఆగిపోయింది.

మార్చిలో ఒకరోజు మధ్యాహ్నం రెబెకా పుస్తకం కోసం లైబ్రరీకి పోయింది. వెనక బల్ల దగ్గర జమ్ములమ్మ ఒక్కతే ఉంది. ముందు నోటుపుస్తకం తెరిచి ఉంది. ఒక పొడుగు స్కేలును మూడు రబ్బర్ల మీద అడ్డంగా పెట్టి, నడిమి రబ్బరును వేలితో కొంచెం కొంచెం జరుపుతోంది. జరిపిన ప్రతిసారి వంగి చూసి ఏదో రాసుకుంటోంది.

మూడో ఆధారం. ఆ రోజు చూడాలనుకున్న ఇంకోటి ఇదేనా? అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది. రెబెకా అల్మారా పక్కనే ఆగిపోయింది. అప్పటికే జమ్ములమ్మ తలెత్తి చూసింది. స్కేలు తీయలేదు. నోటుపుస్తకం మాత్రం మూసింది.

"ఇక్కడ కూర్చోవచ్చా?" అని అడిగింది రెబెకా.

జమ్ములమ్మ ఆమె వైపూ స్కేలు వైపూ చూసింది.

"ఇయ్యాల వద్దు మేడం" అంది.

"సరే" అంది రెబెకా. తనకు కావలసిన పుస్తకం కూడా తీసుకోకుండా బయటికి వచ్చేసింది.